మూత్రవ్యాధి నిర్ణయమున అడ్డుకోత చిత్రములు

మానవశరీరమున మూత్రపిండములు మిక్కిలి మరుగున నుండు అవయవములు. ఉదరకోశమునకు వెనుకగా, వెన్నెముక కిరుప్రక్కల, కడపటి ప్రక్కటెముకల చాటున, కొవ్వుపొరల నడుమ నుండుటచే వైద్యుని హస్తమునకు అవి సులభముగా చిక్కవు. వానినుండి దిగివచ్చు మూత్రనాళములు స్పర్శకు అసలే అందవు. మూత్రాశయమును, దాని క్రింది ప్రోస్టేటు గ్రంథియు కటివలయపు టెముకల మధ్య దాగియున్నవి. నొప్పి యొకచోట పుట్టి వేరొకచోట తెలియుటయు, మూత్రమున రక్తము కనబడినను అది ఏ తావునుండి స్రవించినదో తెలియకుండుటయు ఈ వ్యాధులకు సహజలక్షణములు. కావుననే మూత్రవైద్యము, తక్కిన శాఖలలో పెక్కింటికంటె ముందుగా, శరీరాంతర్భాగమును చిత్రించు విద్య నాశ్రయించినది.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన వూర్ట్స్‌బుర్గు నగరమున రాంట్‌జెన్ మహాశయుడు ఎక్స్-కిరణములను కనుగొనిన పిమ్మట అనతికాలముననే మూత్రపిండములోని రాళ్లను ఆ కిరణములతో పట్టగలిగిరి. అయితే రాయి కనబడినంత స్పష్టముగా దానిని మోయుచున్న అవయవము కనబడలేదు. 1906లో జర్మను వైద్యులు ఫోల్కర్, ఫాన్ లిష్టెన్‌బెర్గు లిరువురు మూత్రమార్గము గుండ సన్నని గొట్టమును పైకెక్కించి, వెండి కలిసిన ద్రవమును పంపి, ఆ మార్గపు రూపురేఖలను ఫిలిముపై పట్టిరి. ఆ పద్ధతి రోగికి బాధాకరము. ఒక్కొక్కప్పుడు ప్రమాదకరము కూడ. 1929లో, జర్మనీలో పనిచేయుచుండిన మోజెస్ స్విక్ అను అమెరికా యువవైద్యుడు, అయొడిన్ గల మందును రక్తములోనికి ఎక్కించినచో మూత్రపిండములే దానిని వడపోసి, తమ మార్గమును తామే ఫిలిముపై వెల్లడించునని చూపెను. ఆ ఘనత ఎవరిదను వివాదమున ఆచార్యపీఠమున నున్న లిష్టెన్‌బెర్గు పేరే చాలకాలము ముందు నిలిచినది. స్విక్‌కు రావలసిన గౌరవము మూడు దశాబ్దములకు పైగా గడచిన పిదపగాని రాలేదు. మన ఆస్పత్రులలో పాతతరము వైద్యులు ఐ.వి.పి. అని వ్యవహరించుచుండినది ఈ పరీక్షనే. అర్ధశతాబ్దికి పైగా మూత్రవైద్యులకు ఇదియే ముఖ్యాధారము.

ఈ చిత్రముల కన్నిటికిని పుట్టుకతో వచ్చిన దోష మొకటి కలదు: అవి నీడలు. ముందున్న ప్రేగు, వెనుకనున్న వెన్నుపూస, నడుమనున్న మూత్రపిండము, ఈ మూటి నీడలును ఒకే ఫిలిముపై ఒకదానిమీద నొకటి పడును. కోయని దోసకాయను ఎండకు పట్టి చూచినవానికి లోపలి గింజల సంగతి ఎంత తెలియునో, ఆ చిత్రము చూచినవానికి మూత్రపిండపు కండ సంగతి అంతే తెలియును. చక్రములుగా తరిగినప్పుడుగదా ఏ చక్రమున ఏ భాగము చెడినదో కనబడుట. శరీరమును కత్తితో తాకకయే ఇట్లు చక్రములుగా చూడవచ్చునని నిరూపించినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు. గ్రామఫోను రికార్డులకు పేరుపడిన ఇ.ఎమ్.ఐ. సంస్థలో ఇంజనీరుగా పనిచేయుచుండిన ఆయన నిర్మించిన యంత్రముతో 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మార్లీ ఆస్పత్రియందు మొదటి రోగి మెదడును చిత్రించిరి. గణితపు పునాదిని అంతకుముందే వేరుగా వేసియుండిన అలన్ కార్మాక్‌తో కలిసి ఆయన 1979లో నోబెల్ బహుమతి నందెను. మెదడుకొఱకు పుట్టిన ఈ సీటీ యంత్రము కొలది యేండ్లలో ఉదరమునకు దిగినది.

సీటీ యంత్రము చూపు చిత్రముకంటె, ఆ చిత్రములోని ప్రతి బిందువునకు అది కట్టియిచ్చు సంఖ్య ఎక్కువ విలువైనదని నా అభిప్రాయము. నీటికి సున్న, గాలికి మైనస్ 1000, ఈ రెంటిని ప్రమాణముగా నుంచుకొని శరీరములోని ప్రతి పదార్థమునకు ఒక విలువ ఏర్పడును. కొవ్వు మైనస్ నూరు దరిదాపుల నుండును, ఎముక వందలు దాటి వేలలోనికి పోవును. హౌన్స్‌ఫీల్డు పేరనే చెల్లుచున్న ఈ కొలతను చేతబట్టుకొని వైద్యుడు, రంగు చూచి ఊహించుట మాని, లెక్క చూచి నిర్ణయించుట నేర్చెను. ఈ వ్యాసమున ముందు చెప్పబోవు నిర్ణయములలో పెక్కు ఈ సంఖ్యపై నిలిచినవే.

అయితే వరుసలో మొదటిస్థానము సీటీది కాదు, అల్ట్రాసౌండుది. గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డు 1958లో ప్రకటించిన పరిశోధనతో వైద్యలోకమున పాదుకొనిన ఈ పరీక్షకు కిరణబాధ లేదు, ఖర్చు స్వల్పము, జిల్లా పట్టణములయందు సైతము లభ్యము. మూత్రపిండము ఉబ్బినదా, మూత్రవిసర్జన చేసిన పిదప మూత్రాశయమున ఎంత నిలిచియున్నది, ప్రోస్టేటు ఎంత పెరిగినది అను ప్రశ్నలకు ఇంతకంటె సులభమైన సమాధానము వేరొకటి లేదు. పిల్లలకును గర్భిణులకును ఇదియే మొదటి పరీక్ష కావలెను. వృషణము మెలితిరిగిన బాలునకు డాప్లరు పరీక్షతో రక్తప్రసారము చూడవచ్చును; ఆరుగంటలు దాటినకొలది ఆ అవయవము దక్కు ఆశ సన్నగిల్లును గనుక, అనుమానము బలముగా నున్నచోట పరీక్షకై కూడ కాచుకొనక శస్త్రచికిత్సకు పూనుకొనుట మేలు. అల్ట్రాసౌండు లోపములును తెలిసినవే: మూత్రనాళపు నడిమిభాగము ప్రేగులలోని వాయువు చాటున మాయమగును, చేయువాని నేర్పును బట్టి ఫలితము మారును. మన దేశమున దీనికి వేరొక చిత్రమైన చరిత్ర కూడ కలదు. 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టము ననుసరించి ప్రతి యంత్రమును నమోదు కావలెను. లింగనిర్ధారణ చేయబడదని తెలుపు పలక ప్రతి గదిలోను వ్రేలాడవలెను. ప్రోస్టేటు బాధతో వచ్చిన డెబ్బదియేండ్ల వృద్ధుడు ఆ పలక క్రిందనే కూర్చుండి తన వంతునకై వేచియుండును. చట్టోద్దేశము న్యాయమైనదే, కాని యంత్రమును రోగి పడకయొద్దకు స్వేచ్ఛగా కొనిపోవు సౌలభ్యము విదేశములలో వలె మనకు లేకపోవుటకు ఇదియు నొక కారణము.

అడ్డుకోత చిత్రముల ప్రభావము పూర్ణముగా కనబడునది రాళ్లవ్యాధియందు. వేసవిలో చెమటపట్టి మూత్రము చిక్కబడినప్పుడు, ప్రక్కలో పుట్టి గజ్జదాక ప్రాకు నొప్పితో రోగి మెలికలు తిరుగుచు వచ్చును. పూర్వమైనచో ఐ.వి.పి. తీయుదురు, మందెక్కించి, గంటలకొలది కాచుకొని, మార్గ మెక్కడ నిలిచిపోయినదో చూతురు. 1995లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు, ఏ మందును ఎక్కించకయే, కొలది క్షణములలో తీసిన సీటీ చిత్రము ఈ పనిని మిన్నగా చేయునని ప్రకటించిరి. అనతికాలముననే ఐ.వి.పి. ఈ రంగమునుండి తొలగెను. కాంట్రాస్టు అను ఆ మందు లేని సీటీ నూటికి తొంబదియైదు పాళ్లకు పైగా రాళ్లను పట్టును. సామాన్య ఎక్స్-రేకు కనబడని యూరిక్ ఆమ్లపు రాయి సైతము దీనికి తెల్లగా కనబడును. హెచ్.ఐ.వి. చికిత్సయందు వాడబడిన ఇండినవిర్ అను మందు వలన ఏర్పడు రాళ్లు మాత్రము దీనికిని చిక్కవు.

ఈ చిత్రమును చదువు విధము కొంత దగ్గరగా చూడదగినది. కటిభాగమున సిరలలో గట్టిపడిన చిన్న సున్నపు గుళికలు వయసు మీరినవారిలో పెక్కుమందికుండును. రాయికిని వీనికిని భేదము తెలియక తికమకపడుట సహజము. మూత్రనాళమున ఇఱుకుకొనిన రాతిచుట్టును వాచిన నాళపుగోడ సన్నని బూడిదరంగు వలయమువలె కనబడును. సిరలోని గుళికకు ఆ వలయముండదు, దానినుండి తోకవంటి గీత యొకటి బయలుదేరుట కననగును. రాయి మూత్రాశయ ద్వారమున ఇఱుకుకొనినదా, లేక ఆశయములోనికి జారిపోయినదా అను సందేహము వచ్చినపుడు రోగిని బోరగిల పరుండబెట్టి మరల ఒకసారి చిత్రింతురు: విడిపోయిన రాయి దిగువకు దొర్లును, ఇఱుకుకొనినది కదలదు. ఇంత తేలికైన ఉపాయము శస్త్రచికిత్స అవసరమా కాదా అను పెద్ద ప్రశ్నను తేల్చివేయుచున్నది.

రాయి కలదని తెలియుటతో పని ముగియదు. దాని పరిమాణమును, గట్టితనమును చికిత్సను నిర్ణయించును. 5 మి.మీ. లోపు రాళ్లలో నూటికి సుమారు 68 తమంతట తామే జారిపోవును; 5 మొదలు 10 మి.మీ. వరకు గలవానిలో సగముకంటె కొంచెము తక్కువ మాత్రమే పోవును. హౌన్స్‌ఫీల్డు కొలత 1000 దాటిన రాయి, 1980లో మ్యూనిచ్ నగరమున మొదలైన ధ్వనితరంగ చికిత్సకు లొంగుట కష్టము. అట్టి దానికి అంతర్దర్శినితో లోనికి పోయి లేసరుతో పగులగొట్టుట మేలు. 500 లోపున నున్నది యూరిక్ ఆమ్లపు రాయి కావచ్చును. రెండు వేర్వేరు శక్తులుగల కిరణములతో ఒకేసారి చిత్రించు క్రొత్త యంత్రములు ఈ అనుమానమును దాదాపుగా నిశ్చయము చేయుచున్నవి. అప్పుడు కత్తి అక్కఱలేదు, లేసరు అక్కఱలేదు; మూత్రపు ఆమ్లత్వమును తగ్గించు సిట్రేటు మందుతో ఆ రాయి కొన్ని వారములలో కరగిపోవును. ఒక సంఖ్య రోగిని శస్త్రచికిత్స గదినుండి మందులదుకాణమునకు మళ్లించుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము మూత్రవైద్యమున నాకు కనబడదు.

ఇంత చెప్పినంతమాత్రమున ప్రక్కనొప్పితో వచ్చిన ప్రతివానికిని సీటీ తీయవలెనని కాదు. 2014లో అమెరికాయందు 15 ఆస్పత్రుల అత్యవసర విభాగములలో 2759 మంది రోగులపై జరిగిన పరిశోధనమున, మొదట అల్ట్రాసౌండు చేసినవారికిని మొదటనే సీటీ తీసినవారికిని ప్రమాదకర వ్యాధులు గుర్తింపక జారిపోవుటలో భేదమేమియు తేలలేదు. అల్ట్రాసౌండుతో మొదలిడినవారిపై పడిన కిరణభారము మాత్రము తక్కువ. వారిలో కొందఱికి తరువాత సీటీ అవసరమైన మాట నిజమే, కాని చాలమందికి కాలేదు. రాళ్లు మాటిమాటికి పుట్టు శరీరతత్త్వము గలవానికి జీవితకాలమున ఇట్టి పరీక్షలు పదుల కొలది జరుగవచ్చును. సామాన్యపు ఉదర సీటీ సుమారు 8 నుండి 10 మిల్లీసీవర్టుల కిరణభారము మోపును. ప్రకృతినుండి మనిషిపై సగటున ఏడాదికి పడునది 2.4 మాత్రమే. రాతికొఱకు మాత్రమే తీయు చిత్రమునకు కిరణమును తగ్గించి 3 మిల్లీసీవర్టుల లోపున ముగింపవచ్చును. చిత్రము కొంత గరుకుగా నుండును, రాయి మాత్రము కనబడును. ఈ తగ్గింపు యంత్రపు మీటలలో నున్న విషయమే గాని డబ్బుతో కూడిన పని కాదు. అయినను అందఱును చేయకుండుట విచారకరము.

కణితుల విషయమునకు వత్తము. మూత్రపిండపు కణితులలో పెక్కు నేడు మరియొక కారణమున తీసిన చిత్రములలో అనుకోకుండ బయటపడుచున్నవి. నీటితిత్తులు నడివయసు దాటినవారిలో సర్వసామాన్యము. వానిలో ఏది నిరపాయము, ఏది అనుమానాస్పదము అను చిక్కును 1986లో న్యూయార్కు వైద్యుడు మార్టన్ బోస్నియాక్ చేసిన వర్గీకరణము చాలవఱకు విప్పినది. పలుచని గోడ, లోపల నీరు మాత్రము గలది మొదటి తరగతి. దానిని మరల చూడనక్కఱలేదు. మూడవ తరగతిలో ఇంచుమించు సగము, నాలుగవ దానిలో పదింట తొమ్మిది క్యాన్సరులుగా తేలును. 2019లో ఈ వర్గీకరణమును సవరించి ఎమ్మారై అను అయస్కాంత చిత్రములకును వర్తింపజేసిరి. గట్టికణితులయందు మరల సంఖ్యయే ప్రధానము: కాంట్రాస్టు ఎక్కించినపుడు కొలత 20కి మించి పెరిగినచో అందు రక్తప్రసారము గల కండ యున్నట్లు; లోపల మైనస్ 10కి దిగువనుండు కొవ్వు స్పష్టముగా కనబడినచో అది చాలవఱకు యాంజియోమయోలైపోమా అను నిరపాయకరమైన కణితి. క్యాన్సరు సిరలోనికి ప్రాకి అధోమహాసిరయందు పైకి పెరుగుచున్నప్పుడు దాని కొన కాలేయము దాటినదా, గుండెను సమీపించినదా అను సంగతి శస్త్రవైద్యునకు ముందుగా తెలియవలెను; దానిని నేటి సీటీయు ఎమ్మారైయు చక్కగా చెప్పగలవు. చెప్పలేనిదియు నొకటి కలదు. 4 సెం.మీ. లోపు కణితులను క్యాన్సరని తలచి కోసితీసిన పిదప, ఇంచుమించు ఐదింట ఒకటి నిరపాయకరమైనదని సూక్ష్మదర్శిని క్రింద తేలుచున్నది. ముసలితనమున బయటపడిన చిన్నకణితిని వెంటనే కోయక, ఆరునెలల కొకసారి కొలుచుచు కాచుకొనుట నేడు అంగీకృతమైన మార్గము.

మూత్రమున రక్తము పడినవానికి సీటీ యూరోగ్రామ్ అను పరీక్ష కలదు: మందెక్కించుటకు ముందొకసారి, ఎక్కించిన నూరు సెకండ్ల ప్రాంతమున ఒకసారి, కొన్ని నిమిషములు గడచి మందు మూత్రములోనికి దిగిన పిదప ఒకసారి చిత్రింతురు. పైమార్గమునకు ఇది చాలును, మూత్రాశయమునకు చాలదు. ఆశయపు లోపొరను అంటిపెట్టుకొని చదునుగా ప్రాకు తొలిదశ క్యాన్సరు ఏ అడ్డుకోతలోను కనబడదు. స్కాను బాగున్నదని అంతర్దర్శిని పరీక్షను మానుకొనిన రోగులు ఆలస్యముగా పశ్చాత్తాపపడుట వైద్యు లెఱిగినదే.

గడచిన పదియేండ్లలో అన్నిటికంటె ఎక్కువ మార్పు వచ్చినది ప్రోస్టేటు విషయమున. పి.ఎస్.ఏ. రక్తపరీక్ష ఎక్కువగా వచ్చినవానికి పూర్వము మలద్వారము గుండ అల్ట్రాసౌండు పెట్టి, గ్రంథిని పది పండ్రెండు చోట్ల సూదితో గ్రుచ్చి ముక్కలు తీయు బయాప్సీ చేయుచుండిరి. క్యాన్సరు ఎచ్చట నున్నదో తెలియక చేయు ఈ పని చీకటిలో చేపలవేట అనుటలో అతిశయోక్తి లేదు. 1973లో పాల్ లాటర్‌బర్ ప్రకటించి, పీటర్ మాన్స్‌ఫీల్డు పెంపొందించిన అయస్కాంత చిత్రణము ఈ గ్రంథి లోపలి పొరలను మొదటిసారి విడదీసి చూపినది. 2017లో వెలువడిన ప్రామిస్ అను బ్రిటిషు పరిశోధనమున 576 మంది పురుషులు ముందుగా ఎమ్మారై చేయించుకొని, పిమ్మట పాతరీతి బయాప్సీకిని, గ్రంథినంతను చాళ్లుగా గ్రుచ్చు సూక్ష్మ బయాప్సీకిని లోనైరి. ముఖ్యమైన క్యాన్సరులలో ఎమ్మారై నూటికి 93 పట్టగా, పాతరీతి బయాప్సీ 48 మాత్రమే పట్టినది. మరుసటి యేడు ప్రెసిషన్ అను పరిశోధనమున 500 మందిని రెండు వర్గములుగా విభజించి చూడగా, ఎమ్మారై చూపిన చోటనే గ్రుచ్చినవారిలో నూటికి 38 మందికి, పాతపద్ధతివారిలో 26 మందికి చికిత్స అవసరమైన క్యాన్సరు బయటపడినది. ఎమ్మారై వర్గమున నూటికి 28 మందికి బయాప్సీయే అవసరము కాలేదు.

ఈ విజయమునకు వెనుక ఒక షరతు కలదు. చిత్రమును ఒకటి మొదలు ఐదు వఱకు అంకెలతో గ్రేడు చేయు పైరాడ్స్ పద్ధతి ఎంత చక్కగా నున్నను, మూడవ అంకెను ఒకరు రెండనియు, మరియొకరు నాలుగనియు చదువుట కలదు. ప్రామిస్ పరిశోధనమునందే ఎమ్మారై అనుమానించినవారిలో చాలమందికి ముఖ్యమైన క్యాన్సరు లేకుండెను. యంత్రము క్రొత్తదైనంతమాత్రమున చదువువాని అనుభవమునకు అది బదులు కాజాలదు. వ్యాధి గ్రంథిని దాటి వ్యాపించినదా అను ప్రశ్నకు నేడు పి.ఎస్.ఎమ్.ఏ. పెట్ స్కాను అగ్రస్థానము వహించినది. 2020లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రకటించిన ప్రోపిఎస్ఎమ్ఏ పరిశోధనమున దాని కచ్చితత్వము నూటికి 92, పాతరీతి సీటీ, ఎముకల స్కాను రెంటికి కలిపి 65.

క్యాన్సరుకంటె త్వరగా ప్రాణము తీయు వ్యాధులు కొన్ని కలవు. మధుమేహము ప్రబలిన మన ప్రాంతమున వానిని మరువరాదు. చక్కెరవ్యాధిగల స్త్రీకి చలిజ్వరము, నడుమునొప్పి వచ్చి, మందులకు జ్వరము తగ్గకున్నచో, మూత్రపిండపు కండలో సూక్ష్మజీవులు వాయువును పుట్టించుచున్నవేమో యని శంకింపవలెను. ఆ వాయువు అల్ట్రాసౌండులో ప్రేగు వాయువుగా భ్రమ గొల్పును. సీటీలో నల్లని బుడగలుగా స్పష్టముగా కనబడును. ఆ వాయు వెంతదూరము ప్రాకినదను దానిని బట్టి 2000లో తైవాను వైద్యులు చేసిన విభజన, గొట్టము పెట్టి చీము తీసిన చాలునా, మూత్రపిండమునే తొలగింపవలెనా అను నిర్ణయమునకు నేటికిని ఆధారము. క్షయవ్యాధి విషయమున మాత్రము పాత ఐ.వి.పి.ని పూర్తిగా పారవేయుట నాకు సమ్మతము కాదు. మూత్రపిండపు కొనగదులు తొలిదశలో కొరికినట్లగుట దానిలో చక్కగా తెలియును. నాళములు ముడుచుకొని, సున్నము పట్టి, మూత్రాశయము కుంచించిన పిదప సీటీ అన్నిటిని ఒక్క చూపున చూపును, కాని అప్పటికి నష్టము జరిగిపోవును.

ఇక శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు మూత్రపిండవ్యాధిని చూడుడు. ఆ గ్రామములలో కారణము తేలని ఈ రోగము దీర్ఘకాలముగా కుటుంబములను కుంగదీయుచున్నది. అల్ట్రాసౌండు చేసినచో రెండు మూత్రపిండములును చిన్నవై, కుంచించి, తెల్లబారియుండుట కనబడును. అప్పటికి వ్యాధి ముదిరిపోయినది. కారణమును ఏ స్కానును చెప్పలేదు. తొలిదశను పట్టునది రక్తములోని క్రియాటినిన్ పరీక్ష, మూత్రపరీక్ష. అవి చౌకవైనవి, ఊరిలోనే చేయదగినవి. ఆ గ్రామస్థులకు పెద్దయంత్రము లేకపోవుటకంటె చిన్నపరీక్ష సకాలమున అందకుండుటయే వారికి ఎక్కువ లోటు.

చిత్రణము వలన కలుగు కీడులును చెప్పవలెను. అయొడిన్ కాంట్రాస్టు మూత్రపిండములను చెఱచునను భయము, పూర్వము తలచినంత పెద్దది కాదని ఇటీవలి పరిశీలనలు సూచించుచున్నవి. అయినను మూత్రపిండముల వడపోత శక్తి 30కి దిగువనున్నవారి విషయమున జాగ్రత్త తప్పదు, అట్టివారు మెట్‌ఫార్మిన్ వాడుచున్నచో దానిని ఆపవలెను. ఎమ్మారైలో వాడు గాడోలినియం మందు నిరపాయకరమని అందఱును నమ్మియుండగా, 2006లో మూత్రపిండములు పాడైనవారి చర్మమును కీళ్లను బిగియించు ఘోరవ్యాధికి దానితో సంబంధమున్నట్లు తేలినది. మందుల రకములు మార్చి, వాడుకకు కట్టుబాట్లు పెట్టిన తరువాత ఆ వ్యాధి దాదాపుగా మాయమైనది. ఈ ఘట్టమున వైద్యలోకము త్వరగా మేలుకొనెనని ఒప్పుకొనవలెను.

నేటి మన ఆస్పత్రులలో అన్నిటికంటె చౌకగా సరిదిద్దదగిన లోపము స్కాను గది ద్వారముననే కలదు. రోగి చేతి చీటీపై ‘సీటీ కె.యు.బి.’ అని మాత్రముండును. నొప్పి ఏ ప్రక్కనో, మూత్రమున రక్తము పడినదో లేదో, పూర్వము శస్త్రచికిత్స జరిగినదో, క్రియాటినిన్ ఎంతయో అందుండదు. రాతికై తీసిన కాంట్రాస్టు లేని చిత్రము మూత్రాశయపు కణితిని చూపదు. కణితికై తీసిన మూడు దశల చిత్రము రాతిరోగికి అనవసరమైన కిరణమును మోపును. ప్రశ్న తెలియనివానికి ఏది తీయవలెనో ఎట్లు తెలియును? చీటీలో రెండు పంక్తులు వ్రాయుటకు వైద్యునకు అరనిమిషము చాలును. అంతకు తీరిక లేదనుట ఒప్పదగిన మాట కాదు.

పాఠకులకొక విన్నపము. పాత ఫిలిములను, సీడీలను, నివేదికలను పారవేయక ఒక సంచిలో భద్రపరచి, ప్రతిసారి వెంట తీసికొనిపొండు. మూడేండ్ల క్రిందటి చిత్రములో అదే కణితి అదే పరిమాణమున నున్నదని తెలిసినచో తప్పిపోవు శస్త్రచికిత్సలు కొన్ని కావు. కాంట్రాస్టు పరీక్షకు ముందు మీ క్రియాటినిన్ విలువను, మీరు వాడు మందులను, పూర్వము మందు పడక దద్దుర్లు వచ్చిన సంగతిని అడుగకున్నను చెప్పుడు. ఈ పరీక్ష ఏ సందేహము తీర్చుటకో వైద్యుని అడిగి తెలిసికొని, ఆ మాట చీటీపై వ్రాయించుకొనియే స్కాను గదికి పొండు.